తాలు కోసం మొక్కుకున్న ఏడాది

వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. పంట చేతికొచ్చే ముందు మా అమ్మ ప్రతిసారీ గింజ గట్టిపడాలని, తాలు పోకూడదని మొక్కుకోవడం చూస్తూ పెరిగాను. అలాంటిదాన్ని, ఉద్యోగం చివర్లో ఆళ్లగడ్డ దగ్గర ఒక చేలో నిలబడి, "తండ్రీ, అన్నీ తాలే పోవాలి, ఒక్క గింజ కూడా పట్టకూడదు" అని మొక్కుకున్నాను. పక్కనే నిలబడ్డ ఆ చేను యజమానురాలు కూడా కళ్ళు మూసుకుని అదే మొక్కింది. మా అమ్మ బతికుంటే నా వీపు చిట్లగొట్టేది.

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే అడుగుతారు, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏది?" అని. ఏదో పెద్ద విషయం కనిపెట్టిన కథ చెప్తానని ఎదురుచూస్తారు పాపం. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక మనిషి ప్రేమగా ఇచ్చిన నీళ్ళు. అదే చెప్తాను, వినండి.

నేను పనిచేసింది నంద్యాల శివార్లలో ఒక చిన్న విత్తనాల కంపెనీ ల్యాబులో. ఎవరి పేర్లూ రాయను, అందరూ బాగానే ఉన్నారు, ఇబ్బంది పెట్టడం ఎందుకు. సంకర వరి విత్తనం తయారుచెయ్యడం మా పని. వరి పువ్వులో ఆడా మగా ఒకే పొట్టులో ఉంటాయి కాబట్టి తనకు తానే గింజ కట్టుకుంటుంది. రెండు రకాలను కలపాలంటే ముందు ఒకదానిలో పుప్పొడి పుట్టకుండా చూడాలి. అదే ఆడ రకం. పక్క వరుసల్లో మగ రకాన్ని నాటుతాం. పూత సమయంలో పొద్దెక్కాక ఇద్దరు మనుషులు చెరో గట్టునా నిలబడి పైరు మీదుగా తాడు లాగుతారు. మగ వరుసల పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడుతుంది. అలా పట్టిన గింజే సంకర విత్తనం.

మా ఆడ రకం గుట్టంతా ఒక జన్యువులో ఉంది. అదేమిటో కాస్త చెప్పక తప్పదు. పువ్వు లోపల పుప్పొడికి తిండి పెట్టే పలచటి పొర ఒకటి ఉంటుంది. తిండి పెట్టడం అయ్యాక ఆ పొర కరిగిపోవాలి. పెళ్ళింట్లో వంటలయ్యాక నేలలో తవ్విన గాడిపొయ్యి పూడ్చేస్తాం చూడండి, అలాగ. పూడ్చకపోతే ఎవరో ఒకరు అందులో పడతారు. పని అయిపోయిన ప్రోటీన్లకు కణం యుబిక్విటిన్ అనే బుల్లి ముద్ర వేస్తుంది. ముద్ర పడినవాటిని ముక్కలు చేసి పారేస్తుంది. ఆ ముద్ర అంటించే ఎంజైముని లైగేజ్ అంటారు. మా రకంలో ఆ లైగేజ్ జన్యువు కాస్త తేడా. వేడిగా ఉంటే ఆ ఎంజైము వంకరపోయి పని మానేస్తుంది. పాత ప్రోటీన్లు పారెయ్యకుండా అక్కడే పేరుకుంటాయి, పొర కరగదు, పుప్పొడి చచ్చిపోతుంది. మాకు కావలసింది సరిగ్గా అదే.

కానీ వాతావరణం చల్లబడిందా, అది సర్దుకుని బుద్ధిగా పనిలోకి దిగుతుంది! పుప్పొడి బతుకుతుంది. ఆడ మొక్క తనతో తానే గింజ కట్టుకుంటుంది. ఆ గింజకీ సంకర విత్తనానికీ చూపుకి తేడా ఉండదు. ఎవరో రైతు కొనుక్కుపోయి నాటుకుని మోసపోయాక గానీ తెలియదు. అందుకే నంద్యాల ఎండను తిట్టని మనిషి ఊళ్ళో నేనొక్కదాన్నే. పైరు చిరుపొట్ట మీద, అంటే లోపల కంకి రూపు కడుతూ ఉన్న రోజుల్లో ఇంట్లో ఎవరైనా "అబ్బ, చల్లగా ఉందే" అన్నా నాకు గుండెల్లో రాయి పడేది.

ఆ ఏడాది ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఒక జంట మాకు విత్తనం పండించడానికి ఒప్పుకున్నారు. భర్త నెమ్మది మనిషి, మాట పెగలదు. పెత్తనమంతా భార్యదే. విత్తనపు చేను చుట్టూ వేరే వరి ఉండకూడదు, గాలికి ఆ పుప్పొడి వచ్చి కలుస్తుంది. పక్క పొలం ఆవిడ భర్తకు అన్నగారిది. తండ్రి దినాల దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం లేదు. ఈవిడే బావగారి గుమ్మం ముందు నిలబడి, ఈసారికి వరి మానెయ్యమని అడిగింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. కానీ నాట్ల వేళకి చూస్తే, వరి పెట్టే మడులన్నీ దున్ని శనగ వేశాడు.

"ఇది సక్కంగా పండితే వచ్చే ఏడు రెండిండ్లోళ్ళం కలిసి చేస్తామని చెప్పినాక్కా," అంది నాతో. "ఇది గాన తప్పిందంటే, మళ్ళా ఆ గడప తొక్కే మొగం నాకుండదు. వీళ్ళిద్దరూ మాట్లాడుకునేదీ ఉండదు."

అప్పటిదాకా నాకు ఉన్న భయం ఒక్కటే, రకం ఏమవుతుందోనని. ఆ మాటతో రెండోది చేరింది.

కాలువ ఆలస్యంగా వదిలారు. నాట్లు వెనక్కి పోయాయి. ఎండలుండగానే చిరుపొట్ట దాటిపోవాలని మేము వేసుకున్న లెక్క తప్పి, కార్తీకం వెళ్ళాక సరిగ్గా చలి మొదలైన రోజుల్లో పైరు ఆ దశకొచ్చింది. దానికి తోడు ముసురు పట్టింది. మా ఫీల్డు సూపర్వైజరు ఉయ్యాలవాడ మనిషి. రోజూ పొద్దున్నే చేలో కట్టిన థర్మామీటరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. నేను దాన్ని చూడకుండా కాఫీ తాగలేను, చూశాక తాగలేను. ఆ మనిషికి ఒక అలవాటు ఉంది. చెడ్డ కబురు సూటిగా చెప్పలేడు. ఫోన్ ఎత్తగానే "తిన్నారా మేడం?" అన్నాడంటే ఏదో మునిగిందని లెక్క. ఆ రోజుల్లో పొద్దస్తమానం నన్ను తిన్నారా తిన్నారా అని అడుగుతూనే ఉన్నాడు.

ఉపాయం లేకపోలేదు. చిరుపొట్ట మీద పసి వెన్ను, అంటే రాబోయే కంకి, పైన ఉండదు, దుబ్బు దగ్గరే కాండం లోపల దాక్కుని ఉంటుంది. దానికి గాలి వేడి కంటే చుట్టూ ఉన్న నీటి వేడే ముఖ్యం. చలికాలం పొద్దున బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని స్నానం చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. గట్లు ఎత్తు చేసి, జానెడు లోతు బోరు నీళ్ళు నిలబెట్టి, చల్లబడగానే తీసేసి మళ్ళీ పెడుతూ ఉంటే గండం గడుస్తుంది. భార్యాభర్తలిద్దరూ బురదలో దిగి గట్లు వేశారు. పై మడులకు వాళ్ళ బోరు సరిపోయింది. కింది రెండు మడులకు అందలేదు.

పక్కనే అన్నగారి బోరు ఉంది, పెద్ద మోటరు.

ఆవిడతో పాటు నేనూ వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని ఎద్దుల పగ్గం పేనుతున్నాడు. తలెత్తలేదు.

"బావా, కింద మడులకు నీళ్ళు కావల్ల. సలి తగ్గేదాక జానెడు నిలబడల్ల. మా బోరు అందడంల్యా."

"నీళ్ళా?"

"నీళ్ళే."

పగ్గం ఇంకో రెండు మెలికలు పడింది. "అడిగేదానికి మీ ఆయనకు నోరు ల్యాదా?"

"నోరుండాది బావా. సిగ్గు గూడా ఉండాది, అదే అడ్డం పడతాంది."

ఆయన పెదవి కొస వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు అర్థమైంది. "పోమ్మా. రేపట్నించి ఆ మడుల్లో నీళ్ళు తగ్గితే నన్నడుగు," అన్నాడు. దారంతా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే ఉంది.

మాట తప్పలేదు మహానుభావుడు. కింది మడులు రోజూ నిండుగా ఉన్నాయని సూపర్వైజరు చెప్పేవాడు. థర్మామీటరు ఒక్కటే, అది పై మడిలో ఉంది. అందులో అంకెలు బాగున్నాయి. కింద జానెడు నీళ్ళున్నాయా అని చూశాం, ఉన్నాయి. ఇంకేం కావాలి? చలి తగ్గింది. పై మడులు ఈనాయి, కంకులు బయటికొచ్చాయి. కేసరాలు తెల్లగా, ఎండిన దారప్పోగుల్లాగా ఉన్నాయి. చచ్చిన పుప్పొడికి అదే గుర్తు. వారం రోజులు తాళ్ళు లాగారు. పూత రాకముందే కొన్ని కంకులకు కాగితపు సంచులు తొడిగి కట్టేశాం. బయటి పుప్పొడి సంచిలోకి పోదు. కాబట్టి అందులో గింజ పడిందంటే ఆ మొక్క తనతో తానే కట్టుకున్నట్టు, అన్నీ తాలు పోతే మా రకం నిఖార్సుగా ఉన్నట్టు. నేను హాయిగా భోంచెయ్యడం మొదలుపెట్టాను.

పై మడుల పూత అయిపోయాక కింది మడులు ఈనాయి. ఆ పొద్దున ఫోన్.

"తిన్నారా మేడం?"

"తినను. ఏమైందో చెప్పు."

"ఏంల్యా... కింద మడుల్లో కేసరాలు పచ్చగుండాయి. బాగా బొద్దుగా ఉండాయి మేడం."

ఆళ్లగడ్డ దాకా బస్సులో ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. కింది మడిలో ఆడ కంకిని వేలితో తడితే పసుపు దుమ్ము రాలింది. బస్టాండు దగ్గర మా కంపెనీ గదిలో ఉన్న పాత మైక్రోస్కోపు కింద అయోడిన్ చుక్క వేసి చూశాను. బతికిన పుప్పొడి నల్లగా మారుతుంది. నల్లగా, గుండ్రంగా, నిక్షేపంలా ఉంది. మా లైగేజ్ ఎక్కడా ఏ లోటూ రాకుండా పని చేసింది దిక్కుమాలినది!

హైదరాబాదులో ఉండే మా పెద్దసారుకి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ అవతల విత్తనం కొనే రైతు గురించి ఆయన భయం ఆయనది. "నీళ్ళు పెట్టారన్నారు కదమ్మా? వెచ్చటి నీళ్ళలో కూడా పుప్పొడి వచ్చిందంటే జన్యువే మారిపోయినట్టు. ఇక ఆ రకాన్ని నమ్మలేం. సంచులు విప్పే రోజు నేనే వస్తాను. పై మడుల సంచుల్లో ఒక్క గింజ కనబడినా చేనంతా వదిలేద్దాం, రకాన్ని కూడా ఆపేద్దాం," అన్నాడు. న్యాయమైన మాటే. న్యాయమైన మాటకి ఏడవడం ఇంకా కష్టం.

మర్నాడు మేమంతా కింది గట్టు మీద దిగాలుగా నిలబడి ఉంటే అన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. తమ్ముడు పక్కకు జరిగాడే గానీ వెళ్ళిపోలేదు. అంతవరకూ నయమే.

"ఏందీ, అందరూ అట్ల నిలబడినారు?"

సూపర్వైజరు నసిగాడు. "ఏంల్యా అన్నా. మీ బోరు నీళ్ళు బాగానే పారినాయి గదా అని..."

"బోరు నీళ్ళా?" ఆయనకు రోషం వచ్చింది. "ఇన్నేండ్లకు మా మరదలు గడప తొక్కి నీళ్ళడిగితే ఆ ఉప్పు నీళ్ళు పెడతానా? నేనేమన్నా అంత కానోన్నా? ఆ నీళ్ళకు మా బర్రెలు గూడా మొగం తిప్పుకుంటాయి. కాలవ నీళ్ళు ఇడిసినా. నా వంతు నీళ్ళన్నీ, తీపి నీళ్ళు, రోజూ నేనే నిలబడి మడవ తిప్పినా."

కాలువ నీళ్ళు. రాత్రంతా చలిగాలికి పారి వచ్చే నీళ్ళు, పొద్దున కాలు పెడితే జివ్వుమంటాయి. ఆ పల్లెల్లో ఒకరి వంతు నీళ్ళు ఇంకొకరికి వదలడమంటే మాటలు కాదు. వంతు దగ్గర తలలు పగిలిన ఊళ్ళున్నాయి. తన దగ్గర ఉన్నవాటిలో మంచివేవో చూసి మరీ ఇచ్చాడు. వెచ్చదనం కోసం అడుగుతున్నామన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పారు గనుక! నీళ్ళు కావాలంది మరదలు, నీళ్ళిచ్చాడు బావ.

నా నోరు తెరుచుకోబోయింది. ఆవిడ నా ముంజేతిని పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"నిండు మనసుతో ఇచ్చినావు బావా," అంది. గొంతులో వణుకు కూడా లేదు.

ఆయన అటు వెళ్ళగానే నా వైపు తిరిగింది. "ఈ మాట ఆయప్ప చెవిన పడగూడదక్కా. పైరు పోతే మళ్ళా నాటుకుంటా. చేసిన మేలు ఇట్లయిందని తెలిస్తే ఆయప్ప మా తట్టు మళ్ళీ చూడడు. అంత పట్టుదల మనిషి."

నాకు మాత్రం అప్పటికే ఒక పక్క ప్రాణం తేలికపడింది. జన్యువు మారలేదు, నీళ్ళు మారాయి, అంతే! అదే పెద్దసారుకి ఫోన్లో చెప్పాను. ఆ నీళ్ళిచ్చిన మనిషికి మాత్రం తెలియకూడదని కూడా చెప్పాను. "కారణం బాగుందమ్మా, కానీ సంచులు కూడా అదే మాట చెప్పాలి కదా," అన్నాడు. పై మడులకు బోరు నీళ్ళు పెట్టారన్నది నిజమే. ఒక్క పొద్దైనా కరెంటు రాక నీళ్ళు చల్లబడి ఉంటే? ఒక్క మూలన ఎక్కడో వెచ్చదనం తగ్గి ఉంటే? ఒక్క గింజ చాలు. గింజ ముదిరేదాకా ఎదురుచూసిన ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. అన్నంలో వడ్లగింజ తగిలినా ఉలిక్కిపడేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, నాకు ఒళ్ళు మండేది.

సంచులు విప్పే రోజు వచ్చింది. పెద్దసారు కారులో దిగాడు. అన్నగారు కూడా చూడ్డానికి వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. పై మడిలో మొదటి సంచి దారం ఆవిడే తెంపింది. అప్పుడే మేమిద్దరం ఆ మొక్కు మొక్కుకున్నది. కంకిని అరచేతిలో వేసి నలిపింది. ఊదింది. అంతా పొట్టు, గాలికి లేచిపోయింది.

"తాలు!" అంది.

రెండోది, మూడోది. ఒక్కొక్కటి నలపడం, ఊదడం. అన్నీ తాలే. పెద్దసారు తనే వెళ్ళి తనకు తోచిన మూలల్లో సంచులు విప్పాడు. తాలే. పక్కనే సంచి తొడగని కంకులు మాత్రం మగ వరుసల పుప్పొడితో గింజ కట్టుకుని బరువుగా వంగి ఉన్నాయి. సూపర్వైజరు తాలు తాలు అని అరుస్తూ గట్టు మీద గంతులేస్తుంటే, దారిన పోయే రైతులు ఆగి, పాపం వీడికి మతి చలించిందని చూశారు. ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మా పెద్దసారు అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

తర్వాత కింది మడికి దిగాం. అక్కడా పూత రాని కంకులకు కట్టిన సంచుల నిండా గింజలు. పెద్దసారు ఒక కంకిని పట్టుకుని, ఆ సంతోషంలో అంతా మరిచిపోయి, "చూశారా, అంతా ఆ చల్ల..." అని మొదలుపెట్టాడు. అన్నగారు గట్టు మీదే ఉన్నాడు.

"సార్, చల్ల తాగుదురు గానీ రండి! ఇంట్లో మజ్జిగ చిక్కగా చేసి పెట్టారు," అని ఆయన మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. నా సర్వీసు మొత్తంలో పై అధికారి చెయ్యి పట్టుకుని లాగింది అదొక్కసారే. ఆయన కూడా గ్రహించి, మారు మాట్లాడకుండా వచ్చి రెండు గ్లాసులు తాగాడు.

పై మడుల గింజ విత్తనంగా తీసుకున్నాం. కింది మడులు ఆలస్యంగా ఈనాయి కాబట్టి తినడానికి ఉంచుకున్నామని అన్నగారికి చెప్పారు. ఆయన ఊ కొట్టాడు.

కోతలయ్యాక ఆవిడ నన్ను భోజనానికి పిలిచింది. వెళ్ళేసరికి వసారాలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే పీటల మీద ఉన్నారు. పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కానీ తమ్ముడు అడక్కుండానే అన్న గ్లాసులో నీళ్ళు పోశాడు. కింది మడుల బియ్యంతో వండిన అన్నం, పప్పు, చెనిక్కాయల పొడి, నెయ్యి. కొత్త బియ్యం కదా, కాస్త ముద్దయింది. "ఎట్లుంది బావా?" అని అడిగి, జవాబు వినకుండానే ఇంకా వడ్డించి లోపలికి వెళ్ళింది. తమ్ముడు చెయ్యి కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు.

అన్నగారు నా వైపు కొంచెం వంగాడు.

"మ్మా, ఒకటడుగుతా. ఆ కింద మడులకు పుప్పొడి వచ్చింది నా నీళ్ళ వల్లనే గదా? సల్లనీళ్ళు పడగూడదంట గదా ఆ పైరుకు? ఆ పొద్దు మీ సారు మాట మధ్యలో మింగినప్పుడే అనుకున్నా."

నేను పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. నా మొహంలోనే ఆయనకు జవాబు దొరికినట్టుంది. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"నాకు తెలుసని మా మరదలికి చెప్పొద్దు. దాస్తాండాది పాపం, దాయనీ. వచ్చే ఏడు బోరు నీళ్ళే పెడతాలే."

తల దించుకుని తృప్తిగా తినసాగాడు. ఒక్క గింజ కూడా పట్టకూడదని నేను భయపడి చచ్చిన ఆ బియ్యపు అన్నాన్నే, నేనూ మళ్ళీ అడిగి వడ్డించుకున్నాను.